అమెరికాలో చిన్న పికప్ ట్రక్కులు ఎందుకు కనుమరుగయ్యాయి?

అమెరికాలో అత్యధికంగా అమ్ముడయ్యే వాహనాల జాబితాలో పికప్ ట్రక్కులు దశాబ్దాలుగా ముందు వరుసలో ఉన్నాయి. అయితే ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనుక సరకులు వేసే తొట్టి మాత్రమే ఉండే చిన్న పికప్‌ను కొత్తగా కొనడం ఇప్పుడు అక్కడ దాదాపు అసాధ్యం.

1983 మోడల్‌గా వచ్చిన ఫోర్డ్ రేంజర్ పొడవు దాదాపు నాలుగున్నర మీటర్లు. 2011 డిసెంబరులో మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్‌లోని కర్మాగారం మూతపడటంతో అమెరికాలో దాని ఉత్పత్తి నిలిచిపోయింది. 2019 మోడల్‌గా అదే పేరుతో తిరిగి వచ్చిన వాహనం పొడవు 5.3 మీటర్లు దాటింది. ఫోర్డ్ ఎఫ్-150లో నాలుగు తలుపుల రకమైతే 5.9 మీటర్లకు చేరువలో ఉంది.

కుటుంబమంతా ప్రయాణించేందుకు వీలుండాలన్న కొనుగోలుదారుల కోరిక ఇందుకు ఒక కారణం. కానీ అదొక్కటే కారణమైతే చిన్న వాహనం పూర్తిగా మాయం కానవసరం లేదు. అసలు కథ ఒక వాణిజ్య వివాదంతో, ఆపై ఇంధన పొదుపు కోసం రూపొందించిన నిబంధనలతో ముడిపడి ఉంది.

కోడిమాంసంతో మొదలైన సుంకం

1960వ దశకం తొలినాళ్లలో అమెరికా నుంచి చౌకగా వస్తున్న కోడిమాంసం తమ రైతులను దెబ్బతీస్తోందని భావించిన యూరోపియన్ ఆర్థిక సమాజం 1962లో దానిపై సుంకాలను పెంచింది. ప్రతిచర్యగా 1963 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీలతో పాటు తేలికపాటి ట్రక్కుల దిగుమతులపై 25 శాతం సుంకం ప్రకటించారు. జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్ వాహనాలపై దీని ప్రభావం వెంటనే పడింది. మిగిలిన వస్తువులపై సుంకం కాలక్రమంలో తొలగిపోగా, ట్రక్కులపై మాత్రం కొనసాగింది. అందుకే దానికి ‘చికెన్ ట్యాక్స్’ అన్న పేరు స్థిరపడింది.

ఈ సుంకాన్ని తప్పించుకునేందుకు జపాన్ సంస్థలు కొన్నాళ్లు తొట్టి లేని ట్రక్కులను దిగుమతి చేసి, అమెరికాలో తొట్టి బిగించి అమ్మాయి. అసంపూర్ణ వాహనంపై సుంకం 4 శాతమే. 1980లో ఆ దారి మూసుకుపోయింది. సుబారు సంస్థ తన బ్రాట్ వాహనం తొట్టిలో రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, దాన్ని ప్రయాణికుల కారుగా చూపింది. నిస్సాన్ టెనెస్సీ రాష్ట్రంలోని స్మిర్నాలో కర్మాగారం నెలకొల్పి, 1983లో అక్కడే పికప్‌ల తయారీ ప్రారంభించింది.

లాభం తక్కువగా ఉండే చిన్న ట్రక్కు కోసం ప్రత్యేకంగా కర్మాగారం నడపడం అన్ని సంస్థలకూ గిట్టుబాటయ్యే పని కాదు. విదేశీ పోటీ తగ్గడంతో స్థానిక సంస్థలపై ఒత్తిడి కూడా సడలింది.

పెద్ద వాహనానికి సులువైన లక్ష్యం

1973 నాటి చమురు సంక్షోభం తర్వాత, 1975లో అమెరికా కాంగ్రెస్ వాహనాల మైలేజీపై చట్టం చేసింది. రైతులు, పనివారు వాడే వాహనాలన్న ఉద్దేశంతో తేలికపాటి ట్రక్కులకు కార్ల కంటే సడలించిన ప్రమాణాలు విధించారు. దీంతో ట్రక్కుల వర్గంలోకి వచ్చే పికప్‌లు, ఎస్‌యూవీల తయారీ సంస్థలకు లాభసాటిగా మారింది.

తర్వాత వచ్చిన సంస్కరణ మరో చిక్కు తెచ్చింది. 2011 మోడల్ నుంచి వాహనం విస్తీర్ణాన్ని బట్టి మైలేజీ లక్ష్యం నిర్ణయించడం తప్పనిసరి అయింది. నాలుగు చక్రాల మధ్య ఏర్పడే దీర్ఘచతురస్రమే ఆ విస్తీర్ణం. అది ఎంత పెద్దదైతే లక్ష్యం అంత తక్కువ. బరువులు మోసేందుకు దృఢమైన చట్రంతో, గాలిని చీల్చుకుపోయే నునుపైన ఆకృతి లేకుండా ఉండే చిన్న పికప్, చిన్న కారుతో సమానమైన మైలేజీ ఇవ్వలేదు. అయినా దాని విస్తీర్ణం తక్కువ కాబట్టి లక్ష్యం కఠినంగా ఉంటుంది. చక్రాలను కాస్త దూరం జరిపి వాహనాన్ని పెంచితే లక్ష్యమే దిగివస్తుంది.

పన్ను చట్టం కూడా ఇదే దిశలో పనిచేస్తోంది. సరకుతో కలిపి అనుమతించిన బరువు 6,000 పౌండ్లు, అంటే సుమారు 2,720 కిలోలు దాటిన వాహనాన్ని వ్యాపారానికి కొంటే, దాని ఖర్చును ఆదాయం నుంచి మినహాయించుకునే వెసులుబాటు ఎక్కువ.

పాదచారులకు పెరిగిన ముప్పు

వాహనాలతో పాటు వాటి బానెట్ల ఎత్తూ పెరిగింది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు మించిన వాహనాలు ఢీకొన్నప్పుడు పాదచారులు మరణించే అవకాశం, 30 అంగుళాలలోపు ఎత్తుతో వాలుగా ఉండే వాహనాలతో పోలిస్తే సుమారు 45 శాతం అధికమని అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ 2023లో వెల్లడించింది. ఆ దేశంలో 2009లో దాదాపు 4,100 మంది పాదచారులు మరణించగా, 2022లో ఆ సంఖ్య 7,500 దాటింది. వేగం, రహదారుల నిర్మాణం వంటి కారణాలూ ఇందులో ఉన్నాయి.

ఇతర దేశాల్లో పరిస్థితి ఏమిటి?

బ్రెజిల్‌లో 2021 నుంచి 2024 వరకు ఏటా అత్యధికంగా అమ్ముడైన వాహనం ఫియట్ స్ట్రాడా. దాని పొడవు సుమారు 4.5 మీటర్లే. జపాన్‌లో ‘కే’ వర్గపు బుల్లి ట్రక్కులు 3.4 మీటర్లు మించకూడదు. 25 ఏళ్లు నిండిన పాత కే ట్రక్కులను కొందరు అమెరికన్లు దిగుమతి చేసుకుంటున్నా, కొన్ని రాష్ట్రాలు రిజిస్ట్రేషన్‌పై ఆంక్షలు పెట్టాయి.

భారత్‌లో 2005లో వచ్చిన టాటా ఏస్ పొడవు 3.8 మీటర్లు. ‘ఛోటా హాథీ’గా పేరొందిన ఆ వాహనం ఇరుకు సందుల్లో సరకు రవాణాకు ఆధారమైంది. కార్ల విషయంలో 2006లో నాలుగు మీటర్లలోపు వాటికి ఎక్సైజ్ సుంకం తగ్గించడంతో, తయారీ సంస్థలు ఆ కొలతకు లోబడి నమూనాలు రూపొందించాయి. అమెరికాలో నిబంధన వాహనాన్ని పెంచితే, ఇక్కడ మరో నిబంధన దాన్ని కుదించింది.

చిన్న ట్రక్కు తిరిగి వస్తుందా?

ఫోర్డ్ 2021లో 20,000 డాలర్లలోపు ప్రారంభ ధరతో మావరిక్ పికప్‌ను ఆవిష్కరించింది. మెక్సికోలో తయారవుతుండటంతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద చికెన్ ట్యాక్స్ భారం పడకుండానే అది మార్కెట్‌లోకి వచ్చింది. దానికి లభించిన ఆదరణ గిరాకీ ఇంకా ఉందని చాటింది. అయితే అదీ ఐదు మీటర్లు దాటిన నాలుగు తలుపుల వాహనమే. 2025 ఏప్రిల్‌లో స్లేట్ అనే కొత్త సంస్థ సుమారు 4.4 మీటర్ల పొడవున్న రెండు సీట్ల విద్యుత్ పికప్‌ను ప్రదర్శించింది.

2025 జూలైలో వచ్చిన చట్టం మైలేజీ ప్రమాణాల ఉల్లంఘనపై జరిమానాను సున్నాకు తగ్గించింది. దీంతో చిన్న ట్రక్కుకు ఎదురైన ఒక అడ్డంకి బలహీనపడింది. కానీ పెద్ద వాహనానికీ అదే సడలింపు వర్తిస్తుంది. పెద్ద ట్రక్కులపై వచ్చే అధిక లాభాలు, దిగుమతి సుంకాలు కొనసాగినంత కాలం తయారీ సంస్థల లెక్కలు మారతాయని చెప్పలేం.