కోడిపిల్లలకు తల్లి వేడి

పాలు పోసే సభ్యులలో పెరటి కోళ్లు పెంచేవారూ ఉన్నారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల సంఘ సభ్యుల కొరకు ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను ఒకరోజు పిల్లలుగా తెచ్చుకుంటే ఖర్చు తక్కువ. కాని వాటికి తల్లి రెక్కల చాటు లేదు. ఈకలు వచ్చేవరకు, అంటే మొదటి 4, 5 వారాలు, ఆ వేడి మనమే ఇవ్వాలి. దీనికి కావలసినదే బ్రూడరు.

50 పిల్లలకు 4 అడుగుల వెడల్పున, ఒకటిన్నర అడుగు ఎత్తున అట్టతో గాని రేకుతో గాని గుండ్రని దడి కట్టాలి. మూలలుంటే పిల్లలు అక్కడ గుమిగూడి, అడుగున ఉన్నవి ఊపిరాడక చస్తాయి. నేలపై 2 అంగుళాల మందాన పొడిగా ఉన్న వడ్ల పొట్టు లేదా పల్లీ పొట్టు పరచాలి. బూజు పట్టినది పనికిరాదు. మొదటి 3 రోజులు పొట్టుపై కాగితం వేయాలి. లేకున్న పిల్లలు పొట్టునే మేతగా తింటాయి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునగవు.

పిల్లకు 2 వాట్ల లెక్కన 60 వాట్ల బల్బులు రెండు చాలు. ఒకటి మాడిపోయినా రెండవది ఉంటుంది. ఇవి తీగ బల్బులే కావాలి. ఎల్‌.ఇ.డి. బల్బు వెలుతురిస్తుంది గాని చాలినంత వేడి ఇవ్వదు. పిల్లలు రాకముందే బల్బులు వెలిగించి చోటు వేడెక్కించాలి. బల్బు జారి పొట్టుపై పడితే నిప్పంటుకుంటుంది కనుక గొలుసుతో గట్టిగా వేలాడదీయాలి.

మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి. తరువాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గేలా బల్బును పైకి లేపాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ముద్దగా చేరితే చలి. దూరంగా పోయి నోరు తెరచి రొప్పితే వేడి ఎక్కువ. ఒకే పక్కకు చేరితే గాలి కొడుతోంది. అంతటా సమానంగా తిరుగుతూ మేస్తే సరిపోయినట్లే.

కరెంటు పోతే మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు. దాని నుండి వాసన లేని విషవాయువు వస్తుంది. అది పిల్లలకే కాదు, మనుషులకూ ప్రాణాంతకం. వేడినీటి సీసాలకు గుడ్డ చుట్టి మధ్యలో ఉంచి, గాలి ఆడేలా దడిపై గోనె కప్పాలి.

ఎండాకాలం పగలు బల్బు ఆర్పినా, రాత్రి పిల్లల తీరు చూడక ఆర్పరాదు. తెల్లవారుజామునే చలి ఎక్కువ. పాలు పితకడానికి లేచేది కూడా అప్పుడే కనుక, గేదె దగ్గరకు వెళ్లేముందు పిల్లలను ఒకసారి చూడాలి.