కూలికి పనిచేసే డిటెక్టివ్

మీరు మొట్టమొదట చివరి పేజీ దాకా చదివిన పుస్తకం ఏది? పాఠ్యపుస్తకం అని చెప్పేవారు తక్కువ. చాలామందికి అది ఎవరో చదివి పక్కన పడేసిన డిటెక్టివ్ నవల. అట్ట ఊడిపోయి ఉంటుంది, మొదటి నాలుగు పేజీలు ఉండవు. అయినా వదలబుద్ధి కాదు. అద్దె పుస్తకాల షాపులు నడిచిన రోజుల్లో, బడి మానేసిన ఎంతోమంది అక్షరం మరచిపోకుండా ఉన్నారంటే అందుకు ఇలాంటి పుస్తకాలూ ఒక కారణం. కనుక సిగ్గుపడకండి. వాటిలో ఒక రకం గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

మన తెలుగులో అపరాధ పరిశోధన అనగానే డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు గుర్తుకొస్తారు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన ఈ జంట 1950, 60లలో పాఠకులకు ఇంటి మనుషులంత దగ్గరైంది. కవి ఆరుద్ర కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. యుగంధర్ తెలివిగలవాడు, మర్యాదస్తుడు, పోలీసులు సైతం గౌరవించే మనిషి. ఇంగ్లాండులో పుట్టిన షెర్లాక్ హోమ్స్ ఇతనికి పెద్దన్న వరుస అనుకోవచ్చు.

ఆ హోమ్స్ కథల్లో అండమాన్ కూడా ఉంది, తెలుసా? 1890లో కానన్ డాయిల్ రాసిన 'ద సైన్ ఆఫ్ ఫోర్' నవలలో నేరానికి మూలం అండమాన్ ఖైదీల స్థావరమే. సెల్యులర్ జైలు అప్పటికింకా కట్టలేదు. దాని పని మొదలైంది 1896లో. ఆ నవలలో ఒక అండమాన్ ఆదివాసి విషపు ముల్లును గొట్టంలో పెట్టి ఊదుతాడు. అసలు అండమాన్ ఆదివాసుల ఆయుధం విల్లంబులు. వాళ్ళను నరమాంస భక్షకులని రాయడం కూడా అబద్ధమే. లండన్‌లో కుర్చీలో కూర్చుని చదివేవారికి దూరపు దీవి ఒక భయంకరమైన బొమ్మ, అంతే. మీరు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండి ఈ పాఠం చదువుతున్నట్లయితే (2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు) ఆ నవల చదవండి. మీ ఊరు మీకే గుర్తుపట్టలేనట్లు కనిపిస్తుంది.

కొత్త రకం డిటెక్టివ్

1920లలో అమెరికాలో పరిస్థితి వేరు. 1920 నుంచి 1933 వరకు అక్కడ మద్యనిషేధం అమలైంది. దొంగసారా వ్యాపారం పెరిగింది, ముఠాలు బలిశాయి, లంచాలు పోలీసు స్టేషన్ల దాకా పాకాయి. నేరం ఎవరు చేశారో ఊరందరికీ తెలుసు. పట్టుకునే నాథుడు లేడు. అలాంటి చోట బూడిద చూసి చుట్ట పేరు చెప్పే తెలివి ఎందుకు పనికొస్తుంది?

అప్పుడు 'బ్లాక్ మాస్క్' వంటి చవకరకం పత్రికల్లో కొత్త కథలు వచ్చాయి. వీటిని 'హార్డ్‌బాయిల్డ్' కథలు అన్నారు. బాగా ఉడికిన గుడ్డు అని ఆ మాటకు అర్థం. పగలగొట్టినా లోపలిది కారిపోదు. డిటెక్టివ్ స్వభావమూ అంతే.

ఈ కథలకు దారి వేసినవారిలో ముఖ్యుడు డాషియెల్ హామెట్. ఇతని సంగతి మీరు ప్రత్యేకంగా గమనించాలి. చిన్నతనంలోనే బడి మానేసి రైల్వేలో జవానుగా, మరెన్నో చిల్లర ఉద్యోగాల్లో పనిచేశాడు. తర్వాత పింకర్టన్ అనే డిటెక్టివ్ కంపెనీలో చేరాడు. క్షయవ్యాధి పట్టుకుంది. ఒంట్లో ఓపిక లేక, ఇల్లు గడవడం కోసం కలం పట్టాడు. 1923లో మొదలైన అతని కథల్లోని డిటెక్టివ్‌కు పేరే లేదు! కంపెనీ పంపిన చోటికి వెళతాడు, పని చేస్తాడు, రిపోర్టు రాస్తాడు. వాక్యాలు కూడా రిపోర్టులాగే పొట్టిగా ఉంటాయి.

తర్వాత వచ్చిన రేమండ్ చాండ్లర్ 1932లో చమురు కంపెనీ ఉద్యోగం పోగొట్టుకుని, నలభై అయిదేళ్ళ వయసులో తొలి డిటెక్టివ్ కథ అచ్చువేయించుకున్నాడు. 1939 నాటి నవలలో అతని డిటెక్టివ్ మార్లో రోజుకు 25 డాలర్లు, పైన ఖర్చులు అడుగుతాడు. రోజు కూలి అన్నమాట.

ఎందుకు చదవాలనిపిస్తుంది?

ఒక కథ ఊహించుకుందాం. పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజారులో మేడమీద చిన్న గది. శ్రీకాకుళం నుంచి ఓడలో వచ్చిన ఒకావిడ మెట్లెక్కి వస్తుంది. భర్త కాంట్రాక్టరు వెంట పనికి వచ్చాడు, ఆరు నెలలుగా ఉత్తరం ముక్క లేదు. "అలాంటి మనిషి నా దగ్గరికి రానే లేదమ్మా" అంటాడు కాంట్రాక్టరు. డిటెక్టివ్ జెట్టీ దగ్గర టీకొట్టులో అడుగుతాడు, లాడ్జి రిజిస్టరు తిరగేస్తాడు, ఒకచోట తన్నులు తింటాడు. చివరికి తేలిందేమిటి? పనిలో గోడ కూలి ఆ మనిషి చనిపోయాడు. నష్టపరిహారం ఎగ్గొట్టడానికి హాజరుపట్టీలోంచి పేరు కొట్టేశారు.

హోమ్స్ కథ అయితే దోషి దొరకగానే అయిపోతుంది. ఇక్కడ అలా కాదు. కాంట్రాక్టరుకు పలుకుబడి ఉంది. జైలుకు వెళతాడన్న నమ్మకం లేదు. డిటెక్టివ్‌కు అరెస్టు చేసే అధికారం లేదు. అతను చేయగలిగింది ఒక్కటే. కొట్టేసిన పేరు ఉన్న ఆ కాగితాన్ని తెచ్చి ఆవిడ చేతిలో పెడతాడు. ఆవిడ ఇవ్వబోయిన డబ్బులో సగం వెనక్కి ఇచ్చేస్తాడు.

ఈ కథల పట్టు ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. ఆఫీసుల చుట్టూ తిరిగి "రేపు రా" అనిపించుకున్నవారికి, తమ మాట పూర్తిగా విని, అడిగినచోటల్లా అడిగి వచ్చే మనిషి ఒకడున్నాడంటే అదే పెద్ద ఊరట. పైగా చిన్నకథలో ఇది బాగా కుదురుతుంది. ఒక సాయంత్రంలో చదివేయవచ్చు.

లోపాలు లేవా? ఉన్నాయి. ఈ కథల్లో చాలాచోట్ల ఆడది అంటే మోసగత్తె. పరాయి జాతివాళ్ళ గురించి చులకన మాటలు కనిపిస్తాయి. తాగుడును మగతనంగా చూపిస్తారు. అండమాన్ ఆదివాసి విషయంలో హోమ్స్ కథను ఎలా పరీక్షించామో, వీటినీ అలాగే పరీక్షిస్తూ చదవండి.

తెలుగులో ఈ రకం కథలు తక్కువ. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా 1986లో వచ్చిన 'చంటబ్బాయ్' సినిమా డిటెక్టివ్‌ను హాస్యానికి వాడుకుంది. 2019 నాటి 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'లో నెల్లూరులో చిన్న ఆఫీసు పెట్టుకున్న కుర్రవాడు నవ్విస్తూనే, రైలుపట్టాల పక్కన దొరికే అనాథ శవాల వెంట వెళతాడు. ఇది మన కథకు దగ్గర.

మీరే రాసి చూడండి

పైన ఊహించిన కథలో టీకొట్టు దగ్గరి సంభాషణను పది వాక్యాల్లో రాయండి. వాక్యాలు పొట్టిగా ఉండాలి. టీకొట్టు యజమానికి నిజం తెలుసు, కానీ చెప్పడానికి భయం. ఆ 'భయం' అన్న మాట మాత్రం ఎక్కడా రాయకండి.