ముక్కు కాన్సరు: తొలి దశలో గుర్తించుట, తోడ్పాటు పొందుట

జలుబు చేసినపుడు ముక్కు దిబ్బడ వేయుట అందరును ఎరిగినదే. అది సాధారణముగా రెండు వైపులను పట్టి, పది దినములలో తగ్గిపోవును. అట్లుగాక ముక్కు ఒకవైపు మాత్రమే మూసుకొనిపోయి, మూడు వారములు దాటినను వీడక, ఆ వైపునుండియే నెత్తురు కలిసిన చీమిడి వచ్చుచున్నచో దానిని జలుబని ఉపేక్షింపరాదు. వందమందిలో అధికసంఖ్యాకులకు ఇది సామాన్యమైన వ్యాధియే కావచ్చును. కాని అరుదుగా కాన్సరు కూడ ఇట్లే మొదలగును.

రోగ స్వరూపము

ముక్కు చుట్టును ముఖపు ఎముకలలో నాలుగు జతల గాలిగదులు కలవు. వీనినే సైనసులందురు. ఇవి చెక్కిళ్ళలోను, కన్నుల నడుమను, నుదుటిలోను, ముక్కు వెనుక లోతుగాను ఉండును. కాన్సరు చెక్కిలి గదిలో పుట్టుట ఎక్కువ. గది లోపల ఖాళీ యుండుటచే గడ్డ చాలకాలము నొప్పి లేకయే పెరుగును. గోడను తొలిచి బయటపడునప్పటికి కన్నో, అంగిలియో, మెదడు పొరయో దానికి చేరువలో ఉండును. ఈ రోగమునందలి ప్రమాదమంతయు ఈ ఆలస్యములోనే కలదు.

ఈ వ్యాధి లక్షమందిలో ఏడాదికి ఒకరికంటె తక్కువమందికి వచ్చును. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాన్ నికోబార్ ద్వీపములలో సుమారు 3,80,000 మంది కలరు. ఆ లెక్కను చూచినచో ద్వీపములన్నిటిలో ఏడాదికి ముగ్గురు నలుగురికి మించి రోగు లుండరు. కనుక రోగియే తన లక్షణములను విడమరచి చెప్పుట మిక్కిలి అవసరము.

కారణములు

1960 దశకములో ఇంగ్లండునందలి హై వికోం పట్టణమున కుర్చీలు, బల్లలు చేయు పనివారిలో ఈ కాన్సరు ఎక్కువగా నుండుటను ముక్కు వైద్యురాలు ఎస్మే హాడ్‌ఫీల్డ్ గమనించిరి. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1995లో కొయ్యపొట్టును కాన్సరు కారకముగా ప్రకటించెను. తోలుపొడి, నికెలు శుద్ధిచేయు పని, పొగాకు కూడ ఈ రోగమునకు దారితీయును. పొట్టు పీల్చుటకును, రోగము కనబడుటకును నడుమ ముప్పది నలుబది సంవత్సరములు గడచుట కలదు.

పోర్ట్ బ్లెయిరునకు 2024లో శ్రీవిజయపుర మని పేరు మార్చిరి. అచ్చటి చాతం కోతమిల్లు 1883లో స్థాపితమైనది. పడాక్ వంటి గట్టికలపను కోయుటయు, చెక్కుటయు ఈ ద్వీపములలో తరతరములుగా సాగిన వృత్తి. ఆ పని చేసినవారికెల్ల కాన్సరు వచ్చునని తలపరాదు. అయితే కోతమిల్లులోగాని, వడ్రంగములోగాని పనిచేసియున్నవారు, పని మానుకొని ఎన్నేండ్లయినను, ఆ సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను. నేడు పని చేయుచున్నవారు పొట్టును లాగివేయు యంత్రమును, ముక్కు మూతిని గట్టిగా కప్పు మాస్కును వాడవలెను. పొట్టును పొడిగా ఊడ్వక తడిపి ఎత్తవలెను.

హెచ్చరించు లక్షణములు

ఒకవైపు దిబ్బడ, నెత్తురు చీమిడి గాక, చెక్కిలి వాచుట లేక తిమ్మిరెక్కుట, కారణము లేక పైపండ్లు కదలుట, అంగిలి ఉబ్బుట, కట్టుడుపండ్లు ఇముడకపోవుట, కన్ను నీరుకారుట, ముందుకు పొడుచుకొని వచ్చుట, ఒకటి రెండుగా కనబడుట గమనింపవలెను. పంటి నొప్పియని పన్ను పెరికించుకొనినను నొప్పి తగ్గనిచో ముక్కు వైద్యుని చూడవలెను.

నిర్ధారణ

వైద్యుడు సన్నని దుర్బిణి గొట్టముతో ముక్కు లోపలిని చూచును. పిదప సి.టి. స్కానువలన ఎముక ఎంతవరకు తినబడినదియు, ఎమ్.ఆర్.ఐ. వలన కన్ను, మెదడు పొరలకు వ్యాపించినదీ లేనిదీ తెలియును. రోగమును నిశ్చయించునది చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచు బయాప్సీ పరీక్షయే. కొన్ని గడ్డలలో రక్తనాళము లధికముగా నుండును గనుక తరచుగా స్కాను ముందు తీయుదురు. ముక్క తీసినచో రోగము పాకునన్న భయముతో పరీక్షను వాయిదా వేయుటయే అసలు హాని.

చికిత్స

శస్త్రచికిత్స, రేడియేషను, అవసరమైనచో మందులు, వీనిని కలిపి వాడుదురు. పైదవడ ఎముకను తీసివేసినపుడు అంగిలిలో ఏర్పడు రంధ్రమును కట్టుడుపండ్ల వంటి పలకతో మూయుదురు. దానితో రోగి మరల భుజింపగలడు, స్పష్టముగా మాటలాడగలడు. రేడియేషనునకు ముందు పండ్లను పరీక్ష చేయించుకొనవలెను.

తోడ్పాటు

ద్వీపవాసులు మొదట శ్రీవిజయపురమునందలి జి.బి.పంత్ ఆసుపత్రిలో చూపించుకొనవచ్చును. చెన్నై పట్టణము అచ్చటికి వేయి కిలోమీటర్లకు పైగా దూరము. ఓడలో మూడు దినముల ప్రయాణము. రేడియేషను చికిత్స వారమున కైదు దినముల చొప్పున ఆరేడు వారములు సాగును. కావున బయలుదేరుటకు ముందే బసకును, తోడు వచ్చువారికిని ఏర్పాటు చేసికొనవలెను. స్కాను ఫిల్ములు, బయాప్సీ నివేదిక, దాని మైనపు దిమ్మ, రిఫరల్ పత్రము వెంట తీసికొనిపోవలెను. ఇవి యున్నచో అవే పరీక్షలను మరల చేయించు శ్రమ చాలవరకు తప్పును.

చెన్నైలో 1954లో స్థాపితమైన అడయారు కాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కలదు. బంధువులు ఆంధ్ర, తెలంగాణములలో నున్న తెలుగువారికి విశాఖపట్టణమునందలి హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రియు, హైదరాబాదునందలి ఎమ్.ఎన్.జె. ఆసుపత్రియు అనుకూలము. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకమున అర్హత గల కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స ఉచితము. దానిని ఇతర రాష్ట్రములలోని గుర్తింపు పొందిన ఆసుపత్రులలోను వాడుకొనవచ్చును. కాన్సరు రోగికిని, తోడు వచ్చువారికిని రైలు ఛార్జీలలో రాయితీ కలదు.

ఇంటివారు రోగమును రోగికి తెలియనీయక దాచుట మంచిది కాదు. ఏమి జరుగుచున్నదో ఎరిగిన రోగి చికిత్సకు సహకరించును, మధ్యలో మానుకొనడు. ముఖమున మార్పు వచ్చినవానిని జాలిచూపులతో చూడక మునుపటివలె పలుకరింపవలెను. చికిత్స ముగిసిన పిదప మొదటి రెండు సంవత్సరములు వైద్యుడు చెప్పిన గడువులలో తప్పక చూపించుకొనవలెను. మూడు వారములు దాటిన ఒకవైపు దిబ్బడను వైద్యునకు చూపించుటకు ఒక పూట చాలును. ఆ పూటను వాయిదా వేయరాదు.