ఆపరేషన్ కాన్పు తరువాత ఆసుపత్రిలో ఎన్ని రోజులు ఉండాలి?

ఆపరేషన్ ద్వారా బిడ్డ పుట్టిన మరునాటి నుండే ప్రసూతి వార్డులో మమ్మల్ని అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అమ్మాయిని ఎప్పుడు పంపిస్తారు?" ఒక మంచం దగ్గర రేపే పంపించమంటారు. పక్క మంచం దగ్గర కుట్లు విప్పేదాకా కదిలేది లేదంటారు. ఒకరికి రోజు కూలి పోతోంది, ఇంటి దగ్గర పెద్ద బిడ్డను చూసుకునేవారు లేరు. ఇంకొకరికి ఇంట్లో ఏమైనా అయితే ఎలాగన్న భయం. రెండు బాధలూ నిజమైనవే కనుక ఈ సంగతిని కొంచెం వివరంగా తెలియజేస్తున్నాము.

మన ప్రాంతంలో ఈ ప్రశ్న లేని ఇల్లు తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 21 మాత్రమే. ఇన్ని ఆపరేషన్లు అవసరమా అన్నది వేరే చర్చ. అయిపోయిన తరువాత తల్లి క్షేమంగా కోలుకోవడం గురించే ఇక్కడ చెబుతున్నాము.

"ఎనిమిది రోజులు ఉండాలి" అనే మాట పెద్దల నుండి వచ్చింది. అది ఉత్త మాట కాదు. అప్పట్లో బొడ్డు కింద నుండి నిలువుగా కోసేవారు, మత్తు ఇచ్చి పూర్తిగా నిద్రపుచ్చేవారు, దారపు కుట్లు వారం దాటాక విప్పేవారు. విప్పేవరకు తల్లి వార్డులోనే ఉండేది. ఇప్పుడు ఎక్కువమందికి నడుముకు ఇంజక్షన్ ఇచ్చి, పొత్తికడుపు కింద అడ్డంగా కోస్తున్నారు. చాలామందికి లోపలే కరిగిపోయే కుట్లు వేస్తున్నారు. కుట్ల కోసమే వారం రోజులు మంచం పట్టుకుని ఉండవలసిన పని ఇప్పుడు లేదు. ప్రభుత్వ ఆసుపత్రులలో 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఆపరేషన్ అయిన తల్లికి ఏడు రోజుల వరకు ఉచిత భోజనం ఉంది. దాన్ని చూసి "ఏడు రోజులు ఉండి తీరాలి" అనుకునేవారున్నారు. అది అవసరమైతే అన్నివిధాలా ఆదుకోవడానికి పెట్టిన హద్దు మాత్రమే.

ఇతర దేశాలలోనూ లెక్క ఒకటిగా లేదు. అమెరికాలో బీమా కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి తల్లులను త్వరగా పంపించేస్తున్నాయని గొడవ జరిగి, 1996లో చట్టం చేశారు. ఆపరేషన్ కాన్పుకు 96 గంటల వరకు బీమా వర్తించాలని అందులో ఉంది. బ్రిటన్‌లోనైతే, బాగా కోలుకుంటూ జ్వరం, ఇతర ఇబ్బందులు లేని తల్లి కోరుకుంటే 24 గంటల తరువాతే ఇంటికి పంపవచ్చని అక్కడి మార్గదర్శకాలు చెబుతాయి. ఇది విని "మనమూ మరునాడే వెళ్ళిపోదాం" అనుకోకూడదు. అక్కడ నర్సు ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూసే ఏర్పాటుంది. మన పల్లెకు ఎవరు వస్తారన్నది ముందు చూసుకోవాలి.

అన్నీ సవ్యంగా ఉంటే మూడు నాలుగు రోజులు సరిపోతాయని మా అభిప్రాయం. అయితే ఆ రోజులలో ఏం జరుగుతుందో తెలిస్తేనే లెక్క అర్థమవుతుంది.

మొదటి 24 గంటలలో అన్నిటికంటే పెద్ద భయం రక్తస్రావం. అందుకే నర్సులు నిద్రలో కూడా లేపి నాడి, బి.పి. చూస్తారు, పొట్ట నొక్కి గర్భసంచి గట్టిపడిందో లేదో గమనిస్తారు. విసుక్కోవద్దు. మరునాటికి మూత్రపు గొట్టం తీసి తల్లిని లేపి నడిపిస్తాము. ఇక్కడే అమ్మమ్మలకూ మాకూ తగాదా వస్తుంది! "పచ్చి బాలింత, లోపల కుట్లు తెగిపోతాయి" అంటారు. మెల్లగా నడిస్తే కుట్లు తెగవు. కదలకుండా పడుకుంటేనే కాళ్ళ నరాలలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీసే ప్రమాదముంది. నడిస్తే కడుపులో గాలి కూడా కదులుతుంది, ఉబ్బరం తగ్గుతుంది. నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందనీ, కుట్లు చీము పడతాయనీ గుక్కెడు నీళ్ళతో సరిపెట్టడం కూడా మంచిది కాదు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. పప్పు, కూరలు, గుడ్డు, పాలు అన్నీ తినవచ్చు.

మూడవ రోజు, నాలుగవ రోజు చాలా ముఖ్యమైనవి. చాలామంది వెళ్ళిపోవాలని తొందరపడేది సరిగ్గా ఈ రోజులలోనే. ఆపరేషన్ అయిన తల్లికి పాలు నిండుగా పడడం ఒక్కోసారి కొంచెం ఆలస్యమవుతుంది. బిడ్డకు పసరికలు సాధారణంగా మూడు నుండి ఐదు రోజుల మధ్య ఎక్కువవుతాయి. పాలు చాలని బిడ్డకు అవి ఇంకా పెరుగుతాయి. బాలింత బి.పి. కూడా మొదటి ఒకటి రెండు రోజులు తగ్గినట్లు కనిపించి, మూడు నుండి ఆరు రోజుల మధ్య మళ్ళీ పెరగవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు బి.పి. ఉన్న తల్లిని 72 గంటలకు ముందు పంపడానికి మేము ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. "బిడ్డ పుట్టాక బి.పి. పోయింది కదా" అంటే మా జవాబు "ఇంకా చూడాలి" అనే.

కోత దగ్గర చీము పట్టేది ఎక్కువగా నాలుగవ రోజు తరువాత, అంటే చాలామంది ఇంటికి చేరాక. ఎంత మంచి ఆసుపత్రిలో మూడు రోజులున్నా ఆ తరువాతి వారం ఇంటి మీదే ఆధారపడి ఉంటుంది.

పంపేముందు మేము చూసేవి కొన్ని ఉన్నాయి. తల్లికి జ్వరం ఉండకూడదు, రక్తస్రావం అదుపులో ఉండాలి, మూత్రం ఇబ్బంది లేకుండా రావాలి, అన్నం తిని తట్టుకోవాలి, తనంతట తాను లేచి నడవాలి, కోత పొడిగా ఉండాలి. బిడ్డ రొమ్ము సరిగా పట్టుకుని పాలు తాగాలి, బరువు మరీ తగ్గకూడదు, పుట్టగానే వేయవలసిన టీకాలు పడాలి. వీటిలో ఏ ఒక్కటి సరిగా లేకపోయినా ఐదో రోజైనా ఆగవలసిందే. రక్తం బాగా పోయినవారు, తీవ్రమైన రక్తహీనత, షుగరు, గుండె జబ్బు ఉన్నవారు, నెలలు నిండని బిడ్డల తల్లులు ఇంకా ఎక్కువ రోజులు ఉండవలసి రావచ్చు.

ఇక అమావాస్య సంగతి. ఎల్లుండి అమావాస్య అని ఈ రోజే తీసుకుపోతామనేవారు, మంగళవారమని ఒక రోజు ఆగేవారు ఇద్దరూ ఉన్నారు. ఆగేవారితో మాకు పేచీ లేదు. ముందుగా తీసుకుపోయేవారితోనే భయం.

మన ఇళ్ళలో బాలింత పుట్టింటికి వెళ్ళడం ఆనవాయితీ. మంచిదే, అమ్మ దగ్గర విశ్రాంతి దొరుకుతుంది. కానీ ఆశా కార్యకర్త పుస్తకంలో ఆమె పేరు అత్తవారి ఊళ్ళో ఉంటుంది. పుట్టింటి ఊరి ఆశాకు ఆమె వచ్చినట్లు తెలియదు. ఆశాలు 3, 7, 14, 21, 28, 42 రోజులలో ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. ఆపరేషన్ అయినవారికి ఏడవ రోజు నుండి వస్తారు. నాలుగో రోజుకే ఇల్లు చేరితే ఏ ఊరికి వెళ్ళారో ఆ ఊరి ఆశాకు, ఎ.ఎన్.ఎం.కు ఆ రోజే కబురు పెట్టండి.

ఇంట్లో 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కోత ఎర్రబడి ఉబ్బడం, చీము లేక నీరు కారడం, దుర్వాసనతో స్రావం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉండడం, అరచేతులు అరికాళ్ళ వరకు పచ్చబడడం కనిపిస్తే ఆ రోజే రండి. గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, విపరీతమైన తలనొప్పితో చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా తెల్లవారే వరకు ఆగకండి. 108కి ఫోన్ చేయండి.

ఏ ఇబ్బందీ లేకపోయినా ఏడు నుండి పది రోజుల మధ్య ఒకసారి కోత, బి.పి. చూపించుకోవాలి. ఆరు వారాలకు మరోసారి రావాలి. ఐరన్ మాత్రలు కాన్పు తరువాత 180 రోజులు వేసుకోవాలి. వచ్చేటప్పుడు డిశ్చార్జి చీటీ తెచ్చుకోండి. దానిని బిడ్డ టీకాల కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవరులో దాచండి. ఆపరేషన్ ఎందుకు చేశారు, గర్భసంచి మీద కోత ఎలా పెట్టారు అన్నది అందులోనే రాసి ఉంటుంది. పొట్ట మీద మచ్చను చూసి లోపలి కోత ఎలాంటిదో ఎవరూ చెప్పలేరు. మరుసటి కాన్పుకు మీరు ఏ ఆసుపత్రికి వెళ్ళినా డాక్టరు ముందుగా అడిగేది ఆ చీటీనే.