ఎవరి ఖాతాకు జమ?



ఆరాధన ముగిసి మందిరము మెట్లు దిగుతుండగా ఒక వృద్ధ సహోదరి మమ్మల్ని ఆపారు. ఆపరేషనుకు డాక్టరు గురువారము రమ్మన్నారట. "అయ్యగారూ, నలభై ఏళ్లుగా ఆరాధన మానలేదు, దశమభాగము తప్పలేదు. అయినా రాత్రి పడుకుంటే, ఇదంతా సరిపోతుందా అని భయం వేస్తోంది" అన్నారు.

ఆమె భయము మనకు కొత్తది కాదు. బిడ్డకు జ్వరము వస్తే చాలు, ఏ తప్పు చేశామోనని లెక్కలు వేసుకుంటాము.

పౌలు కూడ లెక్కల భాషలోనే మాట్లాడాడు. మన బైబిలులో నీతిగా 'ఎంచబడుట' అన్నచోట ఉన్న గ్రీకు మాట ఖాతాకు జమకట్టేవారు వాడేది. రోమా పత్రిక 4వ అధ్యాయములోనే అది 11 సార్లు వస్తుంది. కూలి చేసినవానికి ఇచ్చేది బాకీ, దానిని దానమనరు. దేవుని యెదుట అలా బాకీ అడుగగలవారు మనలో ఎవరు?

ఇందుకు పౌలు చూపిన సాక్షి అబ్రాహాము. నక్షత్రాలను చూపి దేవుడు చెప్పిన మాటను అతడు నమ్మినది ఆదికాండము 15వ అధ్యాయములో. నీతి జమ అయినది అప్పుడే. ఇష్మాయేలు పుట్టేనాటికి అతనికి 86 ఏళ్లు. సున్నతి పొందేనాటికి 99. అంటే జమ అయిన తరువాత కనీసము పదమూడేళ్లకు గాని సున్నతి రాలేదు. ధర్మశాస్త్రమైతే ఇంకా కొన్ని శతాబ్దాల తరువాతి మాట. పోనీ, ఆ మధ్యకాలములో అతడు మచ్చ లేకుండ నడిచాడా? హాగరు సంగతి చదివినవారికి తెలుసు. అయినా దేవుడు ఆ జమను కొట్టివేయలేదు.

దేవుడు పాపమును చూచీ చూడనట్లు వదిలాడని కాదు. మన బాకీ క్రీస్తు ఖాతాలో పడింది, ఆయన సిలువపై తీర్చాడు. ఆయన నీతి మన ఖాతాలో పడింది.

మరి క్రియలు లేని విశ్వాసము మృతమని యాకోబు అన్నాడు కదా అంటారు. అతడు చూపిన ఇస్సాకు బలి సంగతి 22వ అధ్యాయములోనిది. జమ ఎన్నడో అయింది. అక్కడ కనబడినది దాని ఫలము.

మెట్లమీదనే కూర్చుని ఆ వయస్సులన్నీ ఆమెకు లెక్కపెట్టి చూపాము. "అయితే నేను ఇన్నేళ్లు చేసినదంతా ఏమిటండీ?" అన్నారు, కొంచెము నొచ్చుకునే.

"ఇంటి ఆడపిల్ల ఇంట్లో పని చేసి కూలి అడుగుతుందా అమ్మా?" అన్నాము.

ఆమె నవ్వారు. గురువారము ఆసుపత్రికి బయలుదేరేముందు, ఆ నక్షత్రాల అధ్యాయము మరొకసారి చదవమని కబురు పెట్టారు. వెళ్లి చదివాము.