ఆఱవ తరగతికి ఏ బడి?

విత్తనపు కాయను ఒలిచి పప్పు చూడక కొనని రైతు, బిడ్డ బడిని మాత్రము విని నిర్ణయించుట మాకు వింతగా దోచుచున్నది. చేర్చుటకు ముందు ఒక పనిదినమున పోయి చూడవలెను. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము 6 మొదలు 8 తరగతులకు గణిత విజ్ఞానములకొకరు, సాంఘికమునకొకరు, భాషలకొకరు తక్కువ గాకుండ ఉపాధ్యాయులుండవలెను. ఏడాదికి 220 దినములు బడి జరుగవలెను. గణితము చెప్పువారున్నారా యని యడుగుడు. బడి యాజమాన్య సంఘమున ముప్పాతికమంది తల్లిదండ్రులే గదా! మన సంఘపు లెక్కలను గట్టిగా అడుగువారు అక్కడ నోరు మెదపరేల? ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీరున్నదో లేదో తల్లియే చూచుట మేలు.

అయినను రాయదుర్గపు సీమలో అసలు చిక్కు వేఱు. వాన తప్పి వేరుసెనగ యెండిన యేట మనవారు పనులకై బెంగుళూరికి పోవుదురు; బిడ్డయు వెంటబోవును, చదువు నడుమ తెగును. కావున మీరు ఊర లేని నెలలలో బిడ్డ యెచ్చట నుండుననునదే మొదట తేల్చుకొనవలెను. 2004లో ఆరంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు ఆఱవ తరగతి మొదలు ఆడపిల్లలకు వసతి, భోజనము ఉచితముగా నిచ్చుచున్నవి. లేపాక్షి నవోదయ విద్యాలయమున నూటికి 75 స్థానములకు తక్కువ గాకుండ పల్లె పిల్లలవి. దాని పరీక్షను ఐదవ తరగతిలో నుండగానే వ్రాయవలెను, అదియు ఒక్కమాఱే. దరఖాస్తు గడువును వలసకు బయలుదేరకమునుపే కనుగొనుడు.