పాత సర్వరునందలి లేఖ్యముల సంరక్షణము

తాళపత్రగ్రంథము శిథిలము గాకమున్నే దానికిఁ బ్రతి వ్రాయించుట మన పూర్వుల యాచారము. నేఁడు ముద్రణాలయముల లెక్కలును, గ్రంథపాఠములును సర్వరను కంప్యూటరునందు నిలువచేయఁబడుచున్నవి. సంస్థయందలి తక్కిన కంప్యూటరులన్నిటికిని లేఖ్యముల నందించునది యదియే. అది పాతఁబడినపుడు తొలఁగింపక తప్పదు. అంతకుమున్ను చేయవలసిన పనుల నిట వివరించెదము.

మొట్టమొదట పట్టిక సిద్ధపఱుపవలెను. ఏ లేఖ్య మెచ్చట నున్నది, ఎవరి కక్కఱ, ఎంతకాలము నిలుపవలెను అనునవి యం దుండవలెను. మన దేశమునందు 2013 సంవత్సరపుఁ గంపెనీల చట్టములోని 128వ సెక్షను ననుసరించి కంపెనీలు తమ లెక్కపుస్తకములను 8 ఆర్థికసంవత్సరములకుఁ దక్కువ గాకుండ భద్రపఱుపవలెను. గ్రంథపాఠమున కట్టి గడువు లేదు. అది యెల్లకాలమును నిలువవలసినది.

పిమ్మట మూఁడు ప్రతులు తీయవలెను. అవి రెండు విధములైన సాధనములపై నుండుటయు, అందొకటి వేఱొక యూర నుండుటయు మేలు. ప్రతి మూలముతో సరిపోవుచున్నదో లేదో తెలిసికొనుటకు షా-256 అను గణితవిధానము గలదు. అది యొక్కొక్క లేఖ్యమునుండి 64 గుర్తుల సంకేత మొకదానిని బుట్టించును. లేఖ్యమునం దొక్క యక్షరము మాఱినను సంకేతము వేఱగును. రెంటి సంకేతములు నొక్కటియైనచో లేఖకదోషము లేదని నమ్మవచ్చును.

అట్లయినను, ఆ ప్రతిని ముందు చదువఁగలమను నిశ్చయము లేదు. ఇంగ్లండునందు 1086లో వ్రాయఁబడిన డూమ్స్‌డే పుస్తకము నేఁటికిని జదువ వీలుగా నున్నది. దానికి 900 ఏండ్లు నిండిన సందర్భమున 1986లో బి.బి.సి. సిద్ధపఱిచిన లేజరు డిస్కులను జదువు యంత్రములు మాత్రము 2002 నాఁటికే యరుదయ్యెను.

తెలుఁగునకును నిట్టి యాపద గలదు. 1991లోనే యూనికోడునందుఁ దెలుఁగునకుఁ జోటు లభించినను, ముద్రణాలయములు బహుకాలము రోమను లిపి స్థానములలోఁ దెలుఁగు రూపముల నమర్చిన ఫాంటులనే వాడుచు వచ్చెను. ఆ ఫాంటు లేని యంత్రమునఁ దప్పులేని ప్రతియు నర్థములేని రోమనక్షరముల ప్రోవుగాఁ గనఁబడును; సంకేతము సరిపోయియే యుండును. కావున ఫాంటును మూలముతోఁ గూడ భద్రపఱచి, పాఠమును యూనికోడునకు మార్పించి, అచ్చుపుస్తకముతో సరిచూపింపవలెను. మార్చునపుడు ఒత్తులును, అరసున్నలును, శకటరేఫములును జాఱిపోవుట కవకాశము గలదు. ఈ దోషములఁ బట్టుట కేవల యంత్రజ్ఞునివలనఁ గాదు. పండితుని తోడ్పాటు వలయును.

తుదకు, ఈ పనితో సంబంధము లేని యొకరు వేఱొక యంత్రమున నా ప్రతిని దెఱచి, కొన్ని పుటలు చదివి, కొన్ని లెక్కలు కూడి చూచిన పిదపనే పాత సర్వరును దుడిచి తొలఁగింపవలెను. అట్లు చూడక తుడిచినచోఁ బోయిన పాఠమును మరలఁ బడయుట దుర్ఘటము.